ఆకుపచ్చ చుక్క నాదే

ఎండుమిరప బస్తా మోసినవాళ్ళకు తెలుస్తుంది. దించాక కూడా మెడ మీద మంట పోదు. నా బస్తా నేను అసలు దించనే లేదు. మా ఆయన ఉన్నన్నాళ్ళూ మోశాను, పోయాకా మోశాను. ఇవాళ చెబుతున్నాను. జాలిపడమని కాదు, నాకు ఎవరి జాలీ అక్కర్లేదు. నాకు ఇంకా కోపంగానే ఉంది. ఎవరి మీద? ఆయన మీదా, నా మీదా? అదే తేలడం లేదు.

నేను చెబుతుంటే పక్కింటి టీచరమ్మ రాస్తోంది. ఎక్కడా మెత్తన చెయ్యొద్దని ముందే చెప్పాను. నాకు సంతకం పెట్టడం వచ్చు. బస్సు బోర్డు మీద మా ఊరి పేరు పోల్చుకోవడం వచ్చు. అంతకు మించి రాదు. ఈ మాట గుర్తుపెట్టుకో.

మాది ప్రత్తిపాడు. మా ఆయన బోర్లకు నీళ్ళు చూసేవాడు. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేలో నడిచేవాడు. నీళ్ళున్న చోట కాయ లేచి నిలబడుతుంది. అక్కడ పసుపు రాసిన రాయి పాతేవాడు. బోరు బండి వచ్చి దిగేదాకా ఆ రాయిని ఆడమనిషి దాటకూడదు. దాటితే నీళ్ళు పక్కకు పోతాయంటారు.

కాయ లేవడం నిజమో కాదో నాకు తెలియదు. నాకు తెలిసింది ఒకటే. ముందురోజు తెల్లవారుజామున ఆ చేలో చెప్పుల్లేకుండా తిరిగి వచ్చేది నేను. మంచు ఎక్కడ ఆలస్యంగా ఆరుతోంది, చీమలపుట్ట ఎక్కడ లేచింది, ఎండ మండుతున్నా పత్తిచెట్టు ఎక్కడ వాడకుండా నిలబడింది, అన్నీ చూసి ఇంటికొచ్చి చెప్పేదాన్ని. మర్నాడు సరిగ్గా అక్కడే కాయ లేచేది. నీళ్ళు పడితే ఆయన చెయ్యి మంచిది. పడకపోతే?

వానలు ఎగ్గొట్టిన ఏడాది వరసగా రెండు బోర్లు దుమ్ము కక్కాయి. రెండోది కక్కిననాడు రైతు ఉన్నాడు, రైతు తల్లి ఉంది, బోరు బండివాళ్ళు ఉన్నారు. అందరి ముందూ ఆయన నన్ను చూపించాడు. "ఇదిగో, ఇదే దాటింది. బయట ఉండి దాటింది" అన్నాడు. నేను దాటలేదు. బయటా లేను. ఆ ముసలమ్మ గుప్పెడు మట్టి తీసి నా మొహాన కొట్టింది. ఆయన తల అటు తిప్పుకున్నాడు. ఆ మట్టి రుచి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది.

ఆ తర్వాత ఆయన్ని ఎవరూ పిలవలేదు. కొన్నాళ్ళకు ఇంటి ముందుగదిలో నాలుగు సిస్టమ్స్ పెట్టి నెట్ సెంటర్ తెరిచాడు. ఆ సలహా మస్తానుది. మస్తానుది అద్దంకి. మా వీధి మొదట్లో మోటార్లకు వైండింగ్ చేసే షాపు పెట్టుకున్నాడు. మా ఆయన చూసిన బోర్లలో మోటారు దించేది అతనే. ఇద్దరూ ఒరేయ్ అంటే ఒరేయ్. నన్ను వదినా అనేవాడు. ఊరంతా మా ఆయన్ని వదిలేసినా అతను వదల్లేదు.

సిస్టమ్స్ బిగించినతను వాటిలో ఒక ఆట పెట్టిపోయాడు. నెట్ మీద ఆడే ఆట. తెర నిండా నల్లటి ఆకాశం. ఎక్కడెక్కడి మనుషులో తలా ఒక ఓడ తోలుకుంటూ అందులో తిరుగుతుంటారు. ఆ ఆకాశంలో కంటికి కనపడని చోట్లు ఉంటాయి. వాటిని వెతకాలి. ఓడలోంచి గోళీలు వదలాలి. గోళీలని పేరు పెట్టింది నేనే. ఒక్కో గోళీ చుట్టూ ఒక గుండ్రం. గుండ్రాలన్నీ ఒకదాని మీద ఒకటి పడిన చోట ఎర్రచుక్క పుడుతుంది. గోళీలను దగ్గరకు జరుపుతూ గుండ్రాలను చిన్నవి చేస్తూ పోతే చుక్క పసుపు రంగుకు తిరుగుతుంది. ఇంకా బిగిస్తే ఆకుపచ్చ. ఆకుపచ్చ అయితేనే అక్కడికి దారి. కాకపోతే ఎంత దగ్గరకు పోయినా ఆ చోటు లేనట్టే.

ఇది నీళ్ళు చూడటం కాక మరేమిటి, నువ్వే చెప్పు. మా ఆయనకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఆయన చేతిలో చుక్క పసుపు దాటేది కాదు. నేను గది ఊడుస్తూ వెనక నిలబడి చూసేదాన్ని. ఏళ్ళ తరబడి మిరప కల్లాల్లో తాలుకాయలు ఏరినదాన్ని. అంత కుప్పలో రంగు దిగిన కాయ ఏదో నా కంటికి ముందు తెలుస్తుంది, తర్వాతే చేతికి. ఒకనాడు ఉండబట్టలేక మౌస్ పట్టుకున్నాను. రంగు తేటపడే వైపుకు గోళీని లాగాను. ఇంకొకటి లాగాను. కాసేపటికి ఆకుపచ్చ. అక్షరం ముక్కతో అవసరం లేని పని, నాకు వచ్చిన పని, ఈ లోకంలో ఒకటి ఉందని ఆ వేళ తెలిసింది.

అప్పటినుంచి మధ్యాహ్నాలు, సెంటర్లో జనం పల్చబడ్డాక, వెతికేది నేనే. ఆయనతో కలిసి ఆడే జట్టు ఒకటి ఉండేది. అందరూ తెలుగువాళ్ళే, ఊళ్ళు వేరు. మస్తానూ అందులో ఉన్నాడు. తెర మీద మాటలు రాసుకునే డబ్బాలు రెండుండేవి. కుడివైపుది జట్టుది, ఎడమవైపుది ఆ ఆట ఆడే అందరిదీ. దొరికిన చోటు గుర్తును మౌస్‌తో పట్టి జట్టు డబ్బాలో వదిలితే చాలు, వాళ్ళందరికీ దారి తెలిసిపోతుంది. అది కూడా ఆయనే నేర్పాడు నాకు.

ఒకరోజు ఒక కంత దొరికింది. అందులోంచి దూరితే ఇంకో ఆకాశం. ఎవ్వరూ కాలుపెట్టనిది. జట్టంతా ఉన్నదంతా సర్దుకుని అక్కడికి మారుతున్నారు. కోట కడతామంటున్నారు. ఆ దారి బయటివాళ్ళకు తెలియనంతకాలమే ఆ కోట. తెలిస్తే బూడిదే.

మస్తాను పక్క సిస్టమ్ దగ్గర కూర్చుని వాళ్ళు రాసేవి చదివి వినిపిస్తున్నాడు. "ఒరేయ్, నీ కాళ్ళకు దండం పెడుతున్నార్రా! మనిషివా గద్దవా అంటున్నారు."

"చెప్పయ్యా" అన్నాను మా ఆయనతో. "నేను పట్టానని చెప్పు."

ఆయన పగలబడి నవ్వాడు. "నువ్వు పట్టావంటే ఒక్కడైనా దూరతాడా అందులో? ఆడదాని మాట మీద బోరెవడు వేస్తాడే?"

"అదేంట్రా, పట్టింది వదినేగా" అన్నాడు మస్తాను.

"నోర్ముయ్యరా పెద్ద లాయరు! నాది నేను చెప్పుకుంటా."

నాది అన్నాడు. మస్తాను తన తెర వైపు తిరిగాడు. మట్టి రుచి మళ్ళీ నాలుక మీదికొచ్చింది.

కోట లేచేదాకా ఆగాను. అవును, ఆగాను. వాళ్ళు రాత్రింబవళ్ళు కష్టపడి తెచ్చిందంతా అందులోకి చేరేదాకా నెలలు నెలలు ఆగాను. ఒక మధ్యాహ్నం ఆయన అన్నం తిని లోపల పడుకున్నాడు. మస్తాను కాసేపు ఆడి, ఎవరిదో మోటారు దించాలని లేచి వెళ్ళాడు. ఆయన పేరు మీద ఆట తెరిచే ఉంది. నేను కూర్చున్నాను. కంత గుర్తును మౌస్‌తో పట్టుకున్నాను. ఎడమవైపు డబ్బాలో వదిలాను.

ఆటే కదా అనుకున్నానా? చాలా ఏళ్ళు నాకు నేను అలాగే చెప్పుకున్నాను. అబద్ధం. ఉత్త ఆట అనుకుంటే అంత కాచుకుని ఎందుకు చేస్తాను? అది వాళ్ళకు ఇల్లని తెలిసే చేశాను. ఈసారి మట్టి ఆయన మొహాన పడాలని చేశాను. ఆనాడు దాటని రాయిని ఈనాడు కావాలని దాటాను.

సాయంత్రానికి ఏమీ మిగల్లేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు మందలా వచ్చి కోటను కాల్చిపోయారు. దారి బయటపెట్టింది ఆయన పేరు మీదే కనుక జట్టు ఆయన్ని ద్రోహి అని వెళ్ళగొట్టింది. ఆయన నెత్తి బాదుకున్నాడు. నేను గుమ్మంలో నిలబడి ఎదురుచూశాను. నావైపు వేలు చూపిస్తాడని. నిజం చెప్పనా? చూపించాలనే కోరుకున్నాను. "అవును, నేనే!" అని అరవడానికి మాట సిద్ధంగా పెట్టుకున్నాను.

ఆయన నావైపు చూడనేలేదు. ఆ పని నాకు చేతనవుతుందన్న ఊహే రాలేదు ఆయనకు. చెయ్యని తప్పుకు పదిమందిలో నన్ను చూపించినవాడికి, చేసిన తప్పుకు నేను గుర్తే రాలేదు! మస్తాను గుమ్మంలోకి రాగానే గల్లా పట్టుకున్నాడు.

"నువ్వు తప్ప ఎవడున్నాడ్రా ఇక్కడ? నమ్మి పక్కన కూర్చోబెట్టుకుంటే ముంచావు కదరా!"

"నా బిడ్డల మీద ఒట్టురా, నాకు తెలీదు" అన్నాడు మస్తాను. అని, ఒక్కసారి నావైపు చూశాడు. ఆ గదిలో మూడో చెయ్యి ఉందని అతనికి తెలుసు. ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. నేను? పెట్టుకున్న మాట మింగేశాను. భయమా? కాదు. నా పని నాదని ఆయనకు తట్టకపోతే నేనెందుకు చెప్పాలన్న పంతం. ఆ పంతం కింద మనిషొకడు నలుగుతున్నాడని చూస్తూ కూడా.

మా ఆయన ఆ కోపంతో టీ కొట్టు దగ్గరా, పురుగుమందుల షాపు దగ్గరా, కనపడిన ప్రతి రైతుకూ చెప్పాడు. మస్తానును నమ్మొద్దు, నమ్మినవాణ్ణే ముంచే రకం అని. వాళ్ళకు ఆట సంగతేం తెలుసు? మోటారు సంగతనుకున్నారు. షాపుకు మోటార్లు రావడం మానేశాయి. ఆ ఏడు తిరక్కుండానే మస్తాను షాపు మూసి, పెళ్ళాం బిడ్డలతో అద్దంకి వెళ్ళిపోయాడు. సామాను బండి మా ఇంటి ముందునుంచే పోయింది. నేను లోపలే ఉన్నాను.

కొన్నేళ్ళకు మా ఆయన గుండె ఆగి పోయాడు. మస్తాను వచ్చాడు. మట్టి వేసి అందరూ వెళ్ళాక నా దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"వదినా, వాడు చివరిదాకా నేనే అనుకున్నాడా?"

అవునన్నాను.

"నువ్వో?"

"నాకేం తెలుస్తుంది మస్తానూ" అన్నాను. "చదువు రానిదాన్ని."

చదువు రానిదాన్ని! జీవితమంతా నా నెత్తిన కొట్టిన మాటనే చాటు చేసుకుని దాక్కున్నాను. అతను చెప్పులు తొడుక్కుంటూ తల ఎత్తకుండా అన్నాడు, "నీకున్న కన్ను మా జట్టులో ఎవరికీ లేదు వదినా." వెళ్ళిపోయాడు.

నేను పట్టానని ఒప్పుకున్నవాడు ఈ భూమ్మీద అతనొక్కడే. అతన్నే నేను ఊరు దాటించాను. ఈ కాగితం అతనికి పంపుతానా? తెలియదు. పంపితే క్షమిస్తాడేమోనని భయం. ఆ క్షమ నాకొద్దు. ఇంకో బస్తా అది.

టీచరమ్మా, ఇది మాత్రం నేను చెప్పినట్టే రాయి. ఆ కంతను వెతికి పట్టింది నేను. దాన్ని బయటపెట్టింది నేను. ఆ రెంటినీ విడదియ్యకుండా ఒక్క మనిషి మీదే రాయి. ఏదీ, చదువు. నన్ను విననీ.