బారు మీద బంగార్రాజు

కాపురానికి వచ్చిన కొత్తలో నూకరత్నానికి మొగుడి మీద పెద్ద గురి ఏమీ కుదరలేదు. రావికమతంలో ఆమె అన్నలు చెరకు మోపు ఎత్తితే గట్టు అదిరేది. బంగార్రాజు పొట్టివాడు. పక్కన నిలబడితే ఆమే వేలెడు ఎత్తుగా కనిపించేది. పొలం పని చేసేవాడే గాని, పొద్దు వాలుతున్నదంటే అతని చూపు చోడవరం ఊళ్లోకి లాగేసేది. పారా పలుగూ కడిగి గోడకు ఆనించి, "ఇప్పుడే వస్తాను" అని మాయమయ్యేవాడు. తిరిగొచ్చేసరికి అరచేతులు కంది ఉండేవి, ఒళ్లంతా ఇసుక. పేకాటకు పోయినవాడికి ఇసుకెందుకు అంటుకుంటుంది? ఉండబట్టలేక అత్త అచ్చియ్యమ్మను అడిగింది.

"కసరత్తులు సేసే తాలింఖానాకెల్తాడే. ఇనప కమ్మీ పట్టుకుని గబ్బిలంలాగ ఏలాడతాడు. ఈడు కడుపులో ఉన్నప్పుడు నానే కోతిని సూసేనో ఏటో" అంది అచ్చియ్యమ్మ, చేట కింద పెట్టకుండానే.

ఆ వేలాడటం ఏమిటో నూకరత్నం వినాయక చవితి ఉత్సవాల్లో చూసింది. హైస్కూలు డ్రిల్లు మేష్టారు గణపతిరావు గారు తన శిష్యుల చేత గుడి దగ్గర ఖాళీ జాగాలో ప్రదర్శన చేయించారు. రెండు స్తంభాల మధ్య మనిషికి అందనంత ఎత్తున ఒక ఇనప కమ్మీ. దాన్ని అందరూ బారు అంటున్నారు. బంగార్రాజు చేతులకు సుద్దపొడి రాసుకుని, మేష్టారికి దండం పెట్టి, ఎగిరి బారు అందుకున్నాడు. కాసేపు ఊరికే వేలాడాడు. తర్వాత ఊగాడు. ఊపు పెరిగింది. కాళ్లు ఆకాశంలోకి లేచి, మనిషి మొత్తం బారు మీద తలకిందులుగా నిటారుగా నిలిచాడు. అక్కడ ఒక్క లిప్త ఆగినట్టే ఆగి, చేతులు వంగకుండా, నడుము సడలకుండా అవతలి వైపు కిందికి దూసుకొచ్చి మళ్లీ పైకి లేచాడు. చక్రం. మళ్లీ చక్రం. స్తంభాలు మూలుగుతున్నాయి. గాలి కోసుకుపోతున్న చప్పుడు ఆడవాళ్ల వరస దాకా వినిపించింది.

నూకరత్నం నోరు తెరిచి కూర్చుండిపోయింది. తన ఇంట్లో ఆవులిస్తూ అంబలి తాగే మనిషీ ఈ మనిషీ ఒకడేనా అని అనుమానం వచ్చింది. అతను బారు వదిలి గాలిలో ముడుచుకుని, విచ్చుకుని, ఇసుకలో రెండు కాళ్ల మీద దిగినప్పుడు జనం ఈలలు వేశారు. ఆమెకు మాత్రం ఏడుపొచ్చింది. ఎందుకో తెలియలేదు.

ఆ రోజునుంచి ఆమె అతని సాధన వెంట పడింది. తెల్లారకముందే అతను పెద్దేటి ఇసుకలో పరుగు తీసి, అక్కడే చేతుల మీద నడిచేవాడు. వచ్చేసరికి చోడి అంబలి, కోడిగుడ్లు సిద్ధంగా ఉంచేది. అరచేతుల్లో కాయలు కట్టి, చిట్లి, తోలు లేచిపోయేది. సాయంత్రం దీపం వెలిగించాక ఆ చేతుల్ని ఒళ్లో పెట్టుకుని వెన్న రాసేది. బారు ఎంత గట్టిదో ఆ చేతులు చూస్తే తెలిసేది. మరుసటి ఏడు విశాఖపట్నంలో జిల్లా పోటీలు పెడతారని, బంగార్రాజును పంపుతానని మేష్టారు చెప్పారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చి రెండేళ్లయిన రోజులవి. ఊళ్లో దేని గురించి మాట్లాడినా అందరూ పెద్ద పెద్ద ఆశలతోనే మాట్లాడేవారు.

కార్తీకంలో ముసురు పట్టింది. తుంపర పడుతున్నా బంగార్రాజు సాధన మానలేదు. బారు తడిసింది. చక్రం తిరుగుతూ కిందికి దిగే ఊపులో చేతులు జారాయి. మనిషి ఇసుక గొయ్యి దాటి గట్టి నేల మీద, కుడి చేతి మీద పడ్డాడు.

నులకమంచం మీద మోసుకొచ్చిన కొడుకును చూసి అచ్చియ్యమ్మ గుండెలు బాదుకుంది. నూకరత్నం ఏడవలేదు. మోచేతి కింద చెయ్యి ఉండకూడని చోట వంగి ఉండటం చూసి, తన పమిట చెంగుతో దాన్ని కప్పింది. మేష్టారు బస్సెక్కించి పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ముంజేతి ఎముకలు రెండూ విరిగాయి. డాక్టరు గారు ఓపిగ్గా సరిచేసి పిండికట్టు వేశారు. "ఎముక అతుకుతుందమ్మా. అతికించడం వరకే మా పని. అందులోకి బలం తెచ్చుకోవడం మీ పని" అన్నారు.

కట్టు విప్పేసరికి ఆ చెయ్యి చెక్కు తీసిన ములక్కాడలా ఉంది. నీళ్ల చెంబు ఎత్తబోతే జారిపడింది. బంగార్రాజు చెంబు వైపు చూసి, లేచి పశువుల పాకలోకి వెళ్లి కూర్చున్నాడు. ఎంతసేపటికీ రాలేదు. నూకరత్నమే వెళ్లింది.

"మావా, బట్టలున్నాయి. పిండాల, రా."

"ఆడోళ్ల పని నాకేటే?"

"ఒకళ్లే పిండితే నీరు దిగదు. ఆ కొస పట్టుకో."

తడి చీర ఒక కొస అతని చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని మెలితిప్పింది. మొదటి రోజు చీర అతని చేతిలోంచి పాములా జారిపోయింది. మర్నాడూ అంతే. దారిన పోయేవాళ్లు, "బంగార్రాజు చాకిరేవు పెట్టేడ్రోయ్" అని నవ్వారు. అతను తల ఎత్తలేదు, కొస వదల్లేదు. దుప్పట్లయ్యాయి, గోనెలయ్యాయి. గానుగలాడి ఊరంతా బెల్లం వాసన కొట్టే రోజులకి, అతను మెలి తిప్పితే నూకరత్నం కాళ్లు నేలకు తన్నిపెట్టుకోవాల్సి వచ్చింది. ఒకసారి తూలి ముందుకు పడింది. చాన్నాళ్ల తర్వాత ఆ రోజు అతను నవ్వాడు.

తర్వాత పాకలో దూలం పట్టుకుని వేలాడటం మొదలుపెట్టాడు. అతను లేనప్పుడు ఒక మధ్యాహ్నం నూకరత్నం చీర కచ్చ బిగించి, గోలెం ఎక్కి తనూ ఆ దూలం పట్టుకుంది. చెరకు మోపులు మోసిన ఒళ్లు గదా అనుకుంది. వేళ్లు మండాయి, భుజాలు పీకాయి, ఇరవై లెక్కపెట్టేటంత సేపు కూడా నిలవలేకపోయింది. ధబ్బుమని కింద పడేసరికి అచ్చియ్యమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఓలమ్మో! ఒక కోతి సాలదేటే నాకు?"

నూకరత్నం పేడలో కూర్చునే అరచేతులు చూసుకుంది. ఈ చేతులు తన బరువే మోయలేకపోయాయి. అతను తన ఒంటి బరువంతా ఆకాశంలో తిప్పాడు.

వేసవిలో బంగార్రాజు మళ్లీ తాలింఖానాలో అడుగుపెట్టాడు. కొన్నాళ్లకు గణపతిరావు గారు ఇంటికొచ్చి నూకరత్నంతోనే మాట్లాడారు.

"చెయ్యి బాగానే ఉందమ్మా. పైదాకా లేస్తన్నాడు, అక్కడినుంచి వెనక్కొచ్చేస్తన్నాడు. అవతలికి దిగడం లేదు. అడిగితే చెప్పడు."

అన్నం వడ్డిస్తూ ఆమె అడిగింది. బంగార్రాజు ముద్ద కలుపుతూ ఆగిపోయాడు.

"పైకెల్లగానే ఆ రోజు సెయ్యి జారిన సప్పుడు ఇనిపిస్తదే. నాను ఒదలకపోయినా సెయ్యి ఒదిలేస్తదేమోనని..."

 నూకరత్నం విన్నది విన్నట్టు మేష్టారికి చెప్పింది. ఆయన మద్రాసులో తను నేర్చుకునే రోజుల్లో కొత్తవాళ్ల మణికట్లను బారుకు గుడ్డ ఉచ్చులతో కట్టేవారని గుర్తుచేసుకున్నారు. ఉచ్చు బారు చుట్టూ వదులుగా తిరుగుతుంది, చెయ్యి జారినా మనిషి పడడు. గుడ్డ మాత్రం గట్టిదై ఉండాలి. నూకరత్నం తన పెళ్లినాటి నేతచీర తీసి నిలువునా చింపింది. ఇద్దరూ చెరో కొస పట్టుకుని పేనారు.

ఆడవాళ్లు ఎవరూ రాని తాలింఖానాకు ఆమె ఆ ఉచ్చులు పట్టుకుని వెళ్లింది. కుర్రాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మేష్టారు ఆమెకు బల్ల దులిపి వేశారు. బంగార్రాజు మణికట్లు కట్టించుకుని ఊగాడు, పైకి లేచాడు, ఆగాడు. మళ్లీ వెనక్కే వచ్చాడు. మళ్లీ లేచాడు. ఈసారి గట్టిగా అరిచి అవతలికి ఒరిగాడు. బారు అతన్ని తిప్పి మళ్లీ పైకి తెచ్చింది. ఆగమన్నా ఆగకుండా, దాహం వేసినవాడు నీళ్లు తాగినట్టు తిరిగాడు. అలా చాలా సాయంత్రాలు గడిచాయి. ఒకరోజు కట్టబోతున్న మేష్టారి చేతుల్లోంచి ఉచ్చులు తీసుకుని పక్కన పెట్టేశాడు. ఉత్త చేతులతోనే ఎగిరి బారు అందుకున్నాడు.

పోటీల రోజున విశాఖపట్నం మైదానంలో అత్తాకోడళ్లిద్దరూ ముందు వరసలో కూర్చున్నారు. కొడుకు పేరు పిలవగానే అచ్చియ్యమ్మ కొంగు మొహం మీదికి లాక్కుంది.

"ఒసే, దిగేడేటే?"

"ఇంకా ఎక్కలేదత్తా."

"ఇప్పుడో?"

"తిరగతన్నాడు."

"సెయ్యి పట్టుకునే ఉందా?"

"పట్టుకునే ఉంది. సూడత్తా. ఒక్కపాలి సూడు."

అచ్చియ్యమ్మ కొంగు తీసింది. సముద్రపు గాలి వీస్తోంది. తన కడుపున పుట్టినవాడు ఆ గాలికి ఎదురుగా తలకిందులుగా నిలిచి, వెన్ను విల్లులా వంచి కిందికి దూకి, మళ్లీ పైకి లేస్తున్నాడు. మైదానంలో అంతమంది ఉన్నా ఎవరూ దగ్గలేదు. ఇన్నేళ్లూ వేలాడుతున్నాడని తిట్టిపోసిన తల్లి కళ్లార్పడం మర్చిపోయింది. అతను బారు వదిలాడు. గాలిలో ఒకసారి ముడుచుకుని, తెరుచుకుని, నేల మీదికి వచ్చాడు. ఒక అడుగు తూలి, నిలదొక్కుకున్నాడు.

అచ్చియ్యమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. "దేముడోలమ్మా" అంది.

ఆ తూలిన అడుగు వల్ల మొదటి బహుమతి పట్నం కుర్రాడికి పోయింది. బంగార్రాజుకు రెండోది వచ్చింది. ఆ తర్వాత మూడేళ్లు పోటీలకు వెళ్లాడు, పిల్లలు పుట్టాక మేష్టారి దగ్గర కుర్రాళ్లకు నేర్పాడు. కుడి అరచేతిని మాత్రం ఎప్పుడూ పూర్తిగా వెల్లకిలా తిప్పలేకపోయేవాడు.

పోటీలు ముగిసిన ఆ సాయంత్రం అనకాపల్లిలో రైలు దిగి చోడవరం బస్సెక్కగానే అతను నూకరత్నం భుజం మీద తల వాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోయాడు. ఎదురు సీటులో కె.కోటపాడు ముసలమ్మ ఒకామె జాలిగా చూసింది.

"ఒంట్లో బాగోలేదేటమ్మా మీ ఆయనకి?"

నూకరత్నం చెప్పాలనుకుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. నిద్రలో జారుతున్న అతని తలను సరిచేసింది.

"బాగానే ఉందమ్మా" అంది. "అలిసిపోనాడు."