ట్యాబ్ కొన్నాను, తాళం తప్పాను

జీతం కొత్తగా చేతికొస్తున్న వయసులో మనిషికి ఒక జబ్బు పట్టుకుంటుంది. లోకంలో ఉన్న వస్తువులన్నీ తన కోసమే తయారవుతున్నాయనీ, తను వెళ్లి వేలు పెట్టి చూపించడమే తరువాయనీ అనిపిస్తుంది. ఏడెనిమిదేళ్ల క్రితం గుడివాడలో ఓ ప్రైవేటు కాలేజీ ఆఫీసులో, కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ జబ్బు నాకూ పట్టింది. నాకు ట్యాబ్ కావాలి. ఎందుకని మా అమ్మ అడిగితే "సంగీతానికి" అన్నాను. (ఇన్నాళ్లకి నిజం ఒప్పుకుంటున్నాను: హాస్టల్లో మంచం మీద బోర్లా పడుకుని సినిమాలు చూడ్డానికి. ఫోన్లో చూసీ చూసీ ఏ హీరో మొహమైనా నా బొటనవేలంతే ఉంటుందని స్థిరపడిపోయాను.) అలాగని సంగీతం పూర్తిగా అబద్ధమూ కాదు. మా ఊరు కోడూరులో చర్చి పాటల బృందంలో చిన్నప్పటి నుంచీ పాడేదాన్ని. ఫోన్లో ఏదో యాప్ దించుకుని, డప్పు మీద గంట, గంట మీద వేణువు పేర్చి చిన్న చిన్న ముక్కలు తయారుచేసేదాన్ని. సెలవుకి ఇంటికెళ్లినప్పుడు అమ్మకి వినిపిస్తే, ఆవిడ రొయ్యలు ఒలుస్తూ చివరిదాకా శ్రద్ధగా విని, "బావుందమ్మా, ఇంతకీ పాట ఎప్పుడు మొదలవుద్ది?" అనేది.

ట్యాబ్ ఎంపికలో నాకు సలహాదారు మా మేనత్త కొడుకు. గుడివాడలోనే ఉండేవాడు. మా వైపు చుట్టాలంతా అతన్ని రివ్యూల బావ అంటారు. ఫోన్లు, టీవీలు, వాషింగ్ మిషన్లు, చివరికి విమానాల మీద కూడా వీడియోలు చూసి అభిప్రాయం ఏర్పరుచుకునేవాడు. తను మాత్రం నాలుగేళ్లుగా అద్దం పగిలిన ఫోనుకి సెలోటేపు వేసుకుని వాడుతుండేవాడు. "మంచిది ఇంకా రాలేదు చిన్నీ, వచ్చే నెల వస్తది" అనేవాడు. ప్రతి నెలా అదే మాట. నేను కాలేజీ నుంచి బయటికి రాగానే టీ బండి దగ్గర నిలబెట్టి, తెర ఎన్ని అంగుళాలు, రంగులు ఎన్ని కోట్లు, స్పీకర్లు ఎన్ని అని పరీక్షకి చదివించినట్టు చదివించాడు. మూడు వారాలకి నాకు అన్నీ కంఠతా వచ్చేశాయి. ఏది కొనాలో మాత్రం మొదట్లో ఉన్నంత కూడా తెలియకుండా పోయింది.

ఇంతలో కోడూరులో ఒక ప్రమాదం జరిగింది. మా బృందానికి డోలక్ వాయించే పెద్దాయన రొయ్యల చెరువు గట్టు మీద కాలు జారి, కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఆయన మాకు చుట్టం కాదు గానీ ఊళ్లో పిల్లలందరికీ డోలక్ మావయ్యే. మోచేతిదాకా పిండికట్టు కట్టారు. సరిగ్గా నెల రోజుల్లో గుడివాడలో చర్చిల మధ్య పాటల పోటీ. ఏటా మేము వెళ్లడం, ఏటా ఉత్తి చేతుల్తో రావడం మామూలే అయినా, ఆ ఏడు మావయ్య తనే వరస కట్టిన ఒక హుషారైన పాట తయారుగా ఉంది. బహుమతి వస్తుందని అందరికీ గట్టి నమ్మకం. అలాంటిది, శనివారం సాధనకి అందరం చేరినప్పుడు, "డోలక్ లేకుండా ఆ పాటేం పాడతారు, ఈ ఏటికి మానేద్దాం" అని మావయ్య కట్టు వంక చూసుకుంటూ అన్నారు. ఆయన మొహం చూసి నాకు గుండె కరిగిందో, లేక నా అవకాశం కనిపించిందో (రెండూ అయ్యుండాలి), లేచి నిలబడి, "మానడం దేనికి మావయ్యా? నేను ట్యాబ్ కొంటున్నాను. డోలక్, తబలా అన్నీ అందులోనే ఉంటాయి. నేను వాయిస్తా" అనేశాను.

పాస్టరు గారు దానికి ప్రార్థన కూడా చేసేశారు. ఇక వెనక్కి వెళ్లే దారి లేదు.

పై ఆదివారమే బావా నేనూ గుడివాడలో రైలెక్కి బందరు వెళ్లాం. కోనేరు సెంటర్ దగ్గర సందులో ఒక దుకాణం. అందులో తెల్ల గడ్డం, ముక్కు చివర కళ్లజోడుతో ఒక భాయ్ గారు. బావ అంకెలన్నీ అప్పజెప్పడం మొదలుపెట్టగానే ఆయన చెయ్యెత్తి ఆపి, నా వైపు తిరిగి, "దేనికమ్మా?" అన్నారు.

"సంగీతానికండి. అప్పుడప్పుడు... సినిమాలకి కూడా."

"అప్పుడప్పుడు ఏది?"

నేను పర్సు జిప్పు సర్దుకున్నాను. ఆయన నవ్వుకుని రెండు ట్యాబులు తీసి బల్ల మీద పెట్టారు. ఒకటి పెద్దది, పళ్లెమంత. సన్నగా, అద్దంలా మెరిసిపోతోంది. రెండోది చిన్నది, కాస్త మందం, నెలల తరబడి అల్మారాలో ఉండిపోయిన బాపతు. రెంటిలోనూ తబలా యాప్ తెరిచి, "కళ్లు మూసుకో. ఎడం చేత్తో బల్ల మీద కొట్టు, అదే క్షణంలో కుడి చేత్తో దీని మీద కొట్టు" అన్నారు. చిన్నదాని మీద కొట్టాను. రెండు చప్పుళ్లూ కలిసే వినిపించాయి. పెద్దదాని మీద కొట్టాను. బల్ల టక్కుమంది. ఆ తర్వాత, పిలిస్తే పక్క గదిలోంచి పలికినట్టు, ధిం అంది.

"విన్నావా? చూడ్డానికి ఈ పెద్దది, వాయించడానికి ఆ చిన్నది. దానికి వైరు పెట్టుకునే గుండ్రటి బెజ్జం కూడా ఉంది, దీనికి లేదు. రెండు పనులకీ ఒకటే కావాలంటే, ఏ పనికి కాస్త ఇబ్బంది పడతావో నువ్వే చెప్పాలి" అన్నారు భాయ్ గారు.

చెప్పేదాన్నే. కానీ సరిగ్గా అప్పుడే బావ ఆ పెద్దదాంట్లో ఓ సినిమా ట్రైలర్ పెట్టాడు. సముద్రం మీద సూర్యోదయం. ఆ నారింజ రంగు నా మొహం మీద పడింది. నాలుగు స్పీకర్లూ ఒక్కసారి మోగాయి. మా హంసలదీవి సముద్రం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను గానీ అది ఏనాడూ ఇంత బాగా లేదు. "ఇదే ఇవ్వండి" అన్నాను. భాయ్ గారు కళ్లజోడు పైనుంచి చూశారు. "ఆలస్యానిదేముందండి, వేళ్లకి అలవాటు చేసుకుంటా" అన్నాను. ఆయన ప్యాక్ చేసిచ్చారు. ఆ వారమంతా హాస్టల్లో సినిమాలే సినిమాలు.

నిజం చెప్పొద్దూ, వేళ్లకి అలవాటు చేసుకున్నాను కూడా. దెబ్బ పడాల్సిన క్షణానికి వెంట్రుకవాసి ముందు కొట్టడం నేర్చుకున్నాను. శనివారం శనివారం కోడూరు వచ్చి బృందంతో సాధన చేస్తే అంతా బాగానే కలిసింది. మావయ్య మూల కుర్చీలో కూర్చుని, పిండికట్టు ఒళ్లో పెట్టుకుని, "ఊఁ, పలుకుతుంది" అనేవారు. అంతకంటే ఎక్కువ మెచ్చుకోలేదు. కనుబొమలు మాత్రం ముడిపడే ఉండేవి.

పోటీ రోజు గుడివాడలో హాలు కిక్కిరిసిపోయింది. మా పేరు పిలిచారు. ట్యాబ్ పట్టుకుని వేదిక ఎక్కాను. మైకులతను వైరు చాచి, "దీని బెజ్జం ఎక్కడండీ?" అన్నాడు. ట్యాబ్ నాలుగు వైపులా తిప్పి చూపించాను, ఉంటే కదా! "పర్లేదు, బ్లూటూత్ పెట్టేస్తా" అన్నాడతను. అన్నట్టే పెట్టేశాడు. పాట ఎత్తుకున్నాం. నేను వెంట్రుకవాసి ముందే కొట్టాను. కానీ ఈసారి ఆ ధిం పక్క గదిలోంచి కాదు, పక్క ఊళ్లోంచి బయల్దేరి వచ్చింది. బృందం దాని కోసం ఆగింది. వాళ్లు ఆగారని నేను ఆగి కొట్టాను. నేను ఆగాను కాబట్టి అది ఇంకా ఆలస్యంగా మోగింది. అది మోగాక పాడదామని వాళ్లు ఇంకాస్త ఆగారు. ఇలా ఒకళ్లకొకళ్లం మర్యాదలు చేసుకుంటూ రెండో చరణానికి వచ్చేసరికి, చప్పట్లు కొడుతూ గెంతుతూ పాడాల్సిన ఆ పాట సమాధుల తోటలో పాడే పాటలా తయారైంది. ముందు వరసలో ఒక ముసలావిడ కళ్లు ఒత్తుకోవడం చూశాను. నాకు అరచేతులకి చెమటలు పట్టాయి. ఆ చెమటకి తెర మీద వేలు జారి, మధ్యలో ఒకసారి తబలాకి బదులు నెమలి కూసింది.

అప్పుడు ప్రేక్షకుల్లోంచి డోలక్ మావయ్య లేచారు. కుర్చీలు తప్పించుకుంటూ గబగబా వేదిక ఎక్కి, "అమ్మడూ, అది ఆపి మైకు ఇక్కడ పెట్టు" అన్నారు.

"ఎక్కడ మావయ్యా?"

"ఇక్కడ!" అంటూ కుడి చెయ్యి గుండెకి అడ్డంగా పెట్టి పిండికట్టు చూపించారు. మైకు దాని దగ్గర పెట్టాను. ఆయన ఎడం చేత్తో ఆ కట్టు మీద వాయించడం మొదలుపెట్టారు. అరచేత్తో కొడితే దబ్బు, వేలి కణుపుల్తో కొడితే టక్కు. దబ్బు టకటక దబ్బు. హాలంతా ముందు నోరెళ్లబెట్టి, తర్వాత నవ్వి, తర్వాత చప్పట్లతో తాళం అందుకుంది. ఆగిపోబోతున్న పాట లేచి పరిగెత్తింది. నాకు భయంగా ఉంది, నవ్వొస్తోంది, కళ్లమ్మట నీళ్లూ వస్తున్నాయి. మైకు మాత్రం కదపకుండా పట్టుకున్నాను. ఆ రోజు నేను సక్రమంగా వాయించిన వాద్యం అదొక్కటే. దిగొచ్చాక "చెయ్యి నొప్పెట్టలేదా మావయ్యా?" అంటే, "నొప్పి ఎప్పుడో పోయిందమ్మా, దురదే మిగిలింది. అది కూడా ఇప్పుడు తీరింది" అన్నారు. మాకు ప్రోత్సాహక బహుమతిగా గోడ గడియారం ఇచ్చారు. (మా అవసరం కనిపెట్టే ఇచ్చారేమో!)

ఇంటికొచ్చాక పెద్ద ట్యాబ్ అమ్మ తీసేసుకుంది. సీరియల్లో అత్తగారి నెక్లెస్‌లో రాళ్లు కూడా లెక్కపెట్టొచ్చని ఆవిడ సంబరం. బదులుగా తన చీటీ పాట డబ్బు నా చేతిలో పెట్టి, "వెళ్లి నీ సంగీతానిది కొనుక్కో" అంది. ఈసారి బావ లేకుండా ఒక్కదాన్నే బందరు వెళ్లాను. భాయ్ గారు దెప్పుతారని బెదురుతూనే మెట్లెక్కాను. ఆయన నన్ను చూడగానే ఆ చిన్నది తీసి బల్ల మీద పెట్టారు. జరిగిందంతా చెబితే, కౌంటర్ మీద వేళ్లతో దబ్బు టకటక వేయించి విని, "పిండికట్టు ఎప్పుడు తీస్తారమ్మా?" అని అడిగారు.

"సోమవారమండి."

"అయితే ఇక్కడేం చేస్తున్నావు? త్వరగా ఇంటికెళ్లు" అన్నారు.

ఆదివారం ప్రార్థన అయ్యాక మావయ్యని మా ఇంటికి తీసుకొచ్చాం. తలుపులు మూసి, ఫ్యాన్ కట్టేసి, ఉక్కలో చెమటలు కక్కుతూ కూర్చున్నాం. ఆయన కట్టు మీద ఒక్కో దెబ్బా విడివిడిగా కొట్టారు, నేను చిన్న ట్యాబ్‌లో ఒక్కోటీ రికార్డు చేసుకున్నాను. మర్నాడు అవనిగడ్డలో డాక్టరు గారు ఆ కట్టు కోసేశారు. దాని మీద ఆ సొట్టలేంటని అడిగితే మావయ్య, "దోమలండి, కొట్టాల్సొచ్చింది" అన్నారట.

ఇప్పుడు నేను విజయవాడలో ఉంటున్నాను. ఒక వస్తువు కొనాలంటే నెలల తరబడి చదువుతాను, పోలుస్తాను, చివరికి ఏదీ కొనకుండా ఊరుకుంటాను. తప్పు చేయడం దాదాపు మానేశాను, బాగుపడ్డానని అందరూ అంటారు. కానీ వాయించడం రాకుండానే అంతమంది ముందు లేచి నిలబడి "నేను వాయిస్తా" అనేసిన ఆ పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. దానికి బుద్ధి చెప్పాలనిపించదు. పక్కన కాసేపు కూర్చోవాలనిపిస్తుంది.