సరస్సులో విశాఖ అలలు

మా పక్కింటి అంకుల్ సోమవారం ఉదయం కెనడాలోని హామిల్టన్‌లో, ఆసుపత్రిలో పోయారు. రేవుల్లో ఇంజనీరుగా పనిచేసి రిటైరైన మనిషి. కుదురుగా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. టీ సగంలో వదిలేసి కిటికీ దగ్గరికి వెళ్ళిపోయేవారు. కూర్చున్నా, వేళ్ళు మోకాలి మీద ఏదో దరువు వేస్తూనే ఉండేవి.

ఈ ఊరికి స్టూడెంట్లు వెల్లువెత్తినప్పటి నుంచి ఆయన బేస్‌మెంట్ ఖాళీగా లేదు. చివరగా అద్దెకి దిగిన అమ్మాయి వీడియో గేముల డిజైన్ చదివింది. వర్క్ పర్మిట్ గడువు దగ్గరపడింది. ఒక గేమ్ కంపెనీ ఆమెకు టెస్ట్ పెట్టింది: గాలివాన, సరస్సు, అందులో చేపలు పట్టే పడవ. నీళ్ళు నిజంలా కదలాలి. నెగ్గితే ఉద్యోగం. లేకపోతే ఇంటికి టికెట్.

ఆమె చేసింది చూసి, "అచ్చం మన బీచే!" అని మెచ్చుకున్నది అంకులే. ఇద్దరిదీ విశాఖ. కంపెనీ తిప్పి పంపింది: పడవ బాగుంది, ఇది సరస్సు కాదు. ఇంకో వారం ఇచ్చారు.

"మీరేగా బాగుందన్నారు అంకుల్!"

"అదేనమ్మా మన కొంప ముంచింది. కోటేసుకో, పద."

వారమంతా పొద్దున్నే ఇద్దరినీ సరస్సు ఒడ్డుకి నేనే డ్రైవ్ చేశాను. చలికి ఆమె పళ్ళు టకటకలాడేవి.

"యూట్యూబ్‌లో చూస్తా అంకుల్, ప్లీజ్."

"యూట్యూబ్‌లో గాలి తగుల్తుందా?"

సముద్రపు అల ఎంతో దూరం నుంచి వస్తుంది కాబట్టి తీరిగ్గా లేచి తీరిగ్గా పడుతుందని చెప్పారు. సరస్సులో గాలికి అంత చోటుండదు. అలలు పొట్టివి, ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. ఆ వేగం రెయిలింగ్ మీద వేళ్ళతో కొట్టి చూపించేవారు. "చూశావా? మళ్ళీ చూడు" అనేవారు. ఏళ్ళుగా వార్తలు రాస్తున్న నాక్కూడా పనికొచ్చిన మాట అది.

ఆమె అలల మధ్య ఎడం తగ్గించింది, ఎత్తు తగ్గించింది. పడవ ఊగడం మానేసి కుదుపులు తినసాగింది. అంకుల్ స్క్రీన్ వైపు కాసేపు చూసి తల తిప్పుకున్నారు.

"కడుపులో తిప్పుతోంది. పంపించెయ్."

జవాబు వచ్చేలోపే గుండె నొప్పితో ఆసుపత్రిలో చేరారు. ఆదివారం సాయంత్రం ఆమె కోటు కూడా విప్పకుండా మంచం దగ్గరికి పరుగెత్తింది.

"అంకుల్, జాబ్ వచ్చింది!"

ఆయన కళ్ళు తెరవలేదు, నవ్వారు. దుప్పటి మీద వేళ్ళు కదిలాయి. లేచి, చాలాసేపు ఆగి, పడ్డాయి. మళ్ళీ లేచాయి.

"అంకుల్, ఇది సరస్సు కాదు" అందామె.

"తెలుసమ్మా."

వేళ్ళు తీరిగ్గా లేస్తూ, తీరిగ్గా పడుతూనే ఉన్నాయి.