ముందు దర్వాజ పూలు

బంతిపూల బస్తా మూతి విప్పితే గుప్పున లేచే ఆ పచ్చి ఘాటు నాకు పడదు. నిన్న మనుమరాలి పెళ్లికి మంటపం కట్టే పిల్లలు వచ్చి వాకిట్లో బస్తాలు దించగానే లోపలికి వచ్చి కూర్చున్నాను. మనుమరాలు వెనకే వచ్చింది. చేతినిండా రంగురంగుల గుడ్డముక్కలు. "అమ్మమ్మా, అందరూ తలా ఒక రంగు చెబుతున్నారు, నాకు పిచ్చి లేస్తోంది" అంది. "నీకేది నచ్చిందో చెప్పు. మిగతావాళ్ల నోళ్లు మూయించే పని నాది" అన్నాను. అలా మాట్లాడటం నాకు మా అత్త నర్సవ్వ నేర్పింది. అత్త అంటే ఈ పిల్ల తాతను కన్న తల్లి కాదు. నా మొదటి పెళ్లి అత్త. ఆవిడ గురించి మా ఇంట్లో పిల్లలెవరికీ సరిగ్గా తెలియదు, అందుకే రాస్తున్నాను.

నైజాం పోయి, హైదరాబాద్ స్టేట్ కూడా పోయి, ఆంధ్రప్రదేశ్ అని కొత్తగా పేరు పెట్టుకున్న రోజులవి. కరీంనగర్‌లో మాది నేతవాళ్ల వాడకట్టు. ముందు గదిలో మగ్గం, దాని మీద మామ. వెనక గదిలో రాట్నం, దాని ముందు అత్త. మామ నోట్లోంచి మాట రావాలంటే పొద్దు పోవాలి. ఆయన వాటా కూడా కలిపి అత్తే మాట్లాడేది. ఆమె వాకిట్లో నిలబడి కేకేస్తే వాడ చివర పడుకున్న కుక్క లేచి కూర్చునేది. నాకు ఊహ పూర్తిగా తెలియకముందే ఆ ఇంటి కోడలినయ్యాను. పదిహేడో ఏడు వచ్చేసరికి గత్తర, అంటే కలరా, వచ్చి ఆమె ఒక్కగానొక్క కొడుకును ఎత్తుకుపోయింది. పాడె మీద కప్పినవి బంతిదండలే. మా అవ్వా బాపూ, నన్ను కన్నవాళ్లిద్దరూ, అంతకుముందే పోయారు కనుక నాకు వెళ్లడానికి ఇల్లు లేదు. "నీ ఇల్లు గిదే, ఏడ్వకు" అని అత్త నా కళ్లు తుడిచింది. కొడుకు పోయిన తల్లి కోడలిని ఓదార్చడం నేనెక్కడా చూడలేదు. ఆ వాడలో కొడుకు పోతే కోడలిని తిట్టేవాళ్లే ఎక్కువ.

రెండేళ్ల తర్వాత గంగారాం వచ్చాడు. మా కులంవాడే, ఉట్నూర్‌లో జంగిలాత్ జవాను, అంటే అడవి శాఖలో కాపలా ఉద్యోగం. ధోవతుల కోసం మా ఇంటికి వచ్చేవాడు. ధోవతులు ఒకటి రెండు సరిపోతాయి గానీ నెలనెలా ఎందుకు కొంటున్నాడో అత్తకు అర్థమైంది. ఒకరోజు మామ ముందు తలొంచుకుని, "మీ కోడల్ని నాకిస్తరా" అని అడిగాడు. మామ మగ్గం మీద అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆపాడు. అత్త వెనక గదిలోంచే అరిచింది.

"ఆయన్నెందుకు అడుగుతున్నవ్‌రా? అదేమన్న బర్రెనా తోలియ్యడానికి? దాన్నడుగు పో!"

అతను నన్ను అడగలేక చెమటలు కక్కాడు. చెప్పలేక నేను తలూపాను. అంతే, అయిపోయిందనుకున్నాను. అసలు గొడవ అప్పుడే మొదలైంది.

మాలో భర్త పోయిన ఆడది మళ్లీ పెళ్లి చేసుకోవడం తప్పు కాదు. మారుమనువు అనేవాళ్లు. కానీ దానికో పద్ధతి ఉండేది. పొద్దుగూకాక, పెరట్లో, దీపం తగ్గించి చేయాలి. పెళ్లికూతురికి తెల్లచీర. పందిరి ఉండదు, పూలు ఉండవు, బాజా ఉండదు. ఆ చీర కూడా భర్త లేని ఆడదే అందించాలి. ముత్తయిదువలు తలుపులేసుకోవాలి, తెల్లారేదాకా ఆమె ముఖం చూడకూడదు. కులపెద్ద మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని ఇదంతా ఒప్పజెప్పాడు. వరసకు అత్తకు బావ అవుతాడు.

"మారుమనువు వద్దంటలేను నర్సవ్వా. పద్ధతి ప్రకారం చెయ్యమంటున్న" అన్నాడు.

"చీకట్ల చేసుడానికి అదేమన్న దొంగతనమా బావా?" అంది అత్త. "పొద్దుగాల చేస్త. ముందు వాకిట్ల పందిరేస్త. పోరికి రంగుచీర కడత, తలనిండ పూలు పెడత."

"మతి పోయిందా నీకు? కొడుకును పోగొట్టుకున్నదానివి..."

"పోగొట్టుకున్న. గందుకే చెప్తున్న. నా కొడుకు పోయిండు, ఇది పోలేదు. బతికున్నదానికి పాడె చీరెందుకు కట్టాలె?"

కులపెద్ద లేచాడు. కులంలో మీతో పొత్తు బంద్ అన్నాడు. నేను తలుపు వెనక నిలబడి వింటున్నాను. అత్త మాత్రం, "మంచిదే బావా, అందరి పెండ్లిళ్లకు తిరిగి తిరిగి నా కాళ్లు గుంజుతున్నయ్" అంది. ఆయన వెళ్లాక లోపలికి వచ్చి చెంబెడు నీళ్లు గటగటా తాగింది.

ఆ సాయంత్రం నన్ను మగ్గం దగ్గర కూర్చోబెట్టి, రంగు నూలు కట్టలన్నీ తెచ్చి ఒళ్లో పోసింది. ఎరుపు, పసుపు, వంగపండు, నెమలికంఠం. "ఏది?" అంది.

"నీ ఇష్టం అత్తా."

"నా ఇష్టం నా పెండ్లప్పుడు అయిపోయింది. అప్పుడు గూడ ఎవ్వలడిగిండ్రు తియ్యి. గిది నీది. చెప్పు."

నాకు నిజంగా తెలియలేదు. అప్పటిదాకా ఎవరూ అన్నంలోకి ఏ కూర కావాలని కూడా నన్ను అడగలేదు. నూలు కట్టలు అటూ ఇటూ తిప్పి తిప్పి చివరికి చిలకపచ్చ తీశాను. అంచుకు కనకాంబరం రంగు. ఆ రెండూ పక్కపక్కన పెట్టేసరికి నవ్వొచ్చింది, ఎందుకో తెలియదు. పూలేవని అడిగింది. బంతిపూలు మాత్రం వద్దన్నాను. ఎందుకని ఆమె అడగలేదు. ముఖం అటు తిప్పుకుని, "నాకూ పడదు బిడ్డా ఆ వాసన" అంది. మల్లెలూ కనకాంబరాలూ కలిపి కడదామనుకున్నాం. మామ మర్నాడే పడుగు వేశాడు. అంత దగ్గరి నేత నేనెన్నడూ ఆయన మగ్గం మీద చూడలేదు.

చీర కుదిరింది, పూలు కుదరలేదు. అత్త బజారులో పూలాయన దగ్గరికి వెళ్లి, మా కోడలి మారుమనువుకు దండలు కావాలని ఉన్నదున్నట్టు చెప్పింది. మారుమనువుకు దండ కడితే రేపు పెళ్లిళ్లవాళ్లెవరూ నా దుకాణం ముఖం చూడరని అతను చేతులు జోడించాడు. ఇంటికొచ్చాక మామ మెల్లగా, "వట్టి పెండ్లి అంటే సరిపోయేది గదా" అన్నాడు. అత్త కస్సుమంది. "అబద్దమాడి పూలు తెస్తే మనమే సిగ్గుపడ్డట్టు కాదా? సిగ్గుపడే పని నేనేం చేస్తలేను" అంది.

పెళ్లి ముందటి రోజు మధ్యాహ్నం పెరటి గోడ మీద నుంచి చిన్నగా పిలుపు వినిపించింది. ఎదురింటి కులపెద్ద భార్య లచ్చవ్వ, వెనక సందులోంచి వచ్చింది. వాళ్ల పెరట్లో మల్లెపొద, కనకాంబరం మడి రెండూ ఉన్నాయి. ఒక తువాలు నిండా మొగ్గలు కోసి గోడ మీద పెట్టింది. "తీసుకో నర్సవ్వా, మా ఆయనకు చెప్పకు" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. పరుగెత్తి తీసుకోబోయాను. అత్త నా చెయ్యి పట్టి ఆపింది.

"లచ్చక్కా, నీ మనసు మంచిది. కానీ గోడ మీది నుంచొచ్చిన పూలు నాకొద్దు. ఇయ్యాలనిపిస్తే రేపు పొద్దుగాల ముందు దర్వాజ నుంచి పట్కొనిరా."

లచ్చవ్వ ముఖం చిన్నబోయింది. తువాలు తీసుకుని వెళ్లిపోయింది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "నీ పంతానికి నా పెండ్లే దొరికిందా? ఒక్క పూవన్న లేకుంట జేస్తున్నవ్!" అని మొదటిసారి ఆమె మీద అరిచాను. అరిచినందుకు ఆమెకు కోపం రాలేదు, పైగా ముఖం వెలిగింది. "గట్లనే అరువు బిడ్డా. కానీ ఇను. గోడ మీది పూలు పెట్టుకున్నవనుకో, రేపటి సంది నీ బతుకంత పెరటి బతుకే. ఉట్టి తలతోటన్న ముందు వాకిట్ల కూసుండు" అంది. నేను ఒప్పుకోలేదు. అలిగి అన్నం తినకుండా పడుకున్నాను.

తెల్లారింది. మామ, గంగారాం కలిసి వేసిన పందిరి ముందు వాకిట్లో ఉంది. మామిడాకులు కట్టారు. అత్త నాకు తలంటి, చిలకపచ్చ చీర కట్టించి, పీట మీద కూర్చోబెట్టింది. జడలో ఏమీ లేదు. వీధంతా అరుగుల మీదికొచ్చి నిలబడింది గానీ ఒక్కరూ గడప దిగలేదు. ఎదురుగా కులపెద్ద తన అరుగు మీద చేతులు కట్టుకుని ఉన్నాడు. తలదించుకోబోతే అత్త వెనక నుంచి గడ్డం పట్టి పైకెత్తింది. "చూడనీ. వాళ్లు చూడాల్ననే మనం కూసున్నది" అంది.

అప్పుడు లచ్చవ్వ దిగింది. కొంగులో పూలు పోసుకుని, మొగుడి ముందు నుంచే నడిచి, వీధి దాటి మా వాకిట్లోకి వచ్చింది. కులపెద్ద, "ఎటు పోతున్నవే?" అని గద్దించాడు. ఆమె వెనక్కి తిరిగి, వీధంతా వినేలా చెప్పింది. "మా చెల్లె మారుమనువు నాడు తలుపేసుకోమన్నరు, ఏసుకున్న. అది పెరట్ల ఏడుస్తుంటే ఇన్న. ఇయ్యాల ఏసుకోను. ఏం జేస్తవో చేస్కో."

ఆ తర్వాత ఇంకో ఇద్దరు ముగ్గురు వచ్చారు. అందరూ రాలేదు, వచ్చారని చెబితే అబద్ధమవుతుంది. వచ్చినవాళ్లే కూర్చుని గబగబా మాల కట్టారు. నా జడలో పెట్టడానికి లచ్చవ్వ చెయ్యి చాపితే అత్త ఆ మాల అడిగి తీసుకుంది. తన చేతులతో పెట్టింది. పెడుతూ పెడుతూ నా తల మీద ముఖం ఆనించి ఒక్కసారి బావురుమంది. తన కొడుకు పేరు పెట్టి పిలిచింది. వెంటనే ముక్కు తుడుచుకుని, "పుస్తె కట్టురా, ఏం జూస్తున్నవ్!" అని గంగారాంను కసిరింది. పెళ్లి చేయించే అయ్యగారు రానన్నారు కనుక మామే పుస్తె అందించాడు.

ఆ తర్వాత చాలాకాలం ఆ ఇంటిని ఎవరూ పెళ్లికీ చావుకీ పిలవలేదు. ఉట్నూర్ నుంచి నేనొచ్చినప్పుడల్లా అడిగితే, "హాయిగున్నది, నా కాళ్లకు రెస్టు" అనేది. కానీ వీధిలో బాజా వినిపిస్తే రాట్నం ఆపి వినేది. బాధ లేదని నేననను.

కొన్నేళ్లకు మామ పోయాడు. కబురందుకుని బస్సులు మారి నేను వెళ్లాను. పదోరోజున ఆడవాళ్లు చుట్టూ చేరారు, ఆమె గాజులు పగలగొట్టడానికి, బొట్టు తుడవడానికి. అత్త తలొంచుకుని కూర్చుంది. వీధినంతా ఎదిరించిన మనిషి, తన వంతు వచ్చేసరికి గొర్రెపిల్లలా ఉంది. "కానియ్యుండ్రి. ముసలిదాన్ని, నాకెందుకివన్ని" అంటోంది. నాకు ఒళ్లు మండిపోయింది. వెళ్లి ఆమెకూ వాళ్లకూ మధ్య కూర్చున్నాను.

"మా అత్త మీద చెయ్యి పెట్టకుండ్రి. తీసుకునేదుంటే తనే తీసుకుంటది. లేకుంటే లేదు" అన్నాను.

"గిదేం పద్దతే? నువ్వెవలివి చెప్పుడానికి? ఈ ఇంటి కోడలివేనా ఇప్పుడు?" అని ఒకామె అడిగింది.

వెనక నుంచి అత్త పాత గొంతు లేచింది. "కోడలే. కోడలు చెప్పింది ఇనబడలేదా? లేవుండ్రి!"

ఆ తర్వాత ఆమె ఉట్నూర్‌లో మా ఇంట్లోనే ఉంది. గంగారాం ఆమెను అవ్వ అనే పిలిచేవాడు. గాజులతోనే, బొట్టుతోనే ఉంది, అలాగే పోయింది.

ఇప్పుడు గంగారాం కూడా లేడు. రేపు మనుమరాలి తలలో పూలు పెట్టే వేళకు ముత్తయిదువలను మాత్రమే పిలవాలని నిన్న రాత్రి భోజనాల దగ్గర ఎవరో మెల్లగా అన్నారు. నేను విన్నాను, విననట్టు ఊరుకోలేదు. పూలు నేనే పెడతానని అందరి ముందూ చెప్పాను. పక్కకు జరగమనే మనిషి ఎవరో వచ్చి నా ఎదురుగా నిలబడి ఆ మాట అనాలి. చూద్దాం, ఎవరు వస్తారో.