లారీ ఎక్కిన డప్పు

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ జరిగితే గోదావరిఖనిలో మా వంటింటి గచ్చు వణుకుతుంది. ఆ వణుకు అరికాళ్ల నుంచి మోకాళ్ల దాకా పాకుతుంది. పక్కింటివాళ్లు విసుక్కుంటారు. నాకు మాత్రం ఓదేలు కాక గుర్తొస్తాడు. పదేళ్లప్పుడు జ్వరం వచ్చి నా రెండు చెవులూ పోయాయి. పక్క క్వార్టరులో ఉండే కాకకు బొగ్గుబావిలో డ్రిల్లు మిషన్ పట్టీపట్టీ పోయాయి. అయినా ఆయన డప్పు కొట్టడం మానలేదు. ఇద్దరం ఒకరి పెదవులు ఒకరం చూసుకుంటూ మాట్లాడుకునేవాళ్లం. మంటకు కాచిన డప్పును నా దవడకు ఆనించి, పుల్లతో ఒక్క దెబ్బ వేసేవాడు.

"ఎట్లున్నది?"

"చక్కిలిగిలి పెట్టినట్టున్నది కాకా."

"అయితే ఇంకా కాగాలె. గిచ్చినట్టుండాలె."

ఆయన పెరట్లో రాతిబండ మీద వట్టికాళ్లతో నిలబడి, అరికాళ్లకు తెలిసే అదురుతోనే దరువులు నేర్చుకున్నాను. కాలనీ పండుగకు నన్ను తన బృందంలో నిలబెడతానంటే అమ్మ అడ్డుపడింది. "చెవులు ఇనరాని పిల్ల డప్పు కొడితే నలుగురు నవ్వుతరు. అది తట్టుకుంటదా?" అంది, కాకకు అర్థమయ్యేలా నెమ్మదిగా.

"నవ్వనీ వదినె. వాళ్ల నవ్వు మాకు ఇనరాదు గదా."

అమ్మకు కోపంలోనే నవ్వొచ్చింది. నన్ను పంపక తప్పలేదు.

తీరా పండుగనాడు మైదానంలో కొత్తగా ఇసుక పోశారు. అందరి దెబ్బలూ అందులోనే ఇంకిపోయాయి. నా కాళ్లకు ఏమీ అందక దరువు తప్పాను. ముందు వరుసలో నవ్వే ముఖాలు కనిపించాయి. ఏడుపొక్కటే తక్కువ. కాక చెయ్యెత్తి ఆట ఆపి, కుర్చీలు తెచ్చిన లారీని చూపించాడు.

"చెప్పులు ఇడిసి లారీ ఎక్కుండ్రి. ఇసుక మాకేం చెప్పది. ఇనుపరేకైతే చెప్తది."

లారీ రేకు మీద తొలి దరువు పడగానే నా ఒళ్లు ఝల్లుమంది. ఎవరి దెబ్బ ఏదో కాళ్లకు తెలిసిపోతోంది. కాక 'నువ్వు నడిపించు' అన్నట్టు గడ్డం ఎగరేశాడు. దరువు మార్చాను. బృందంలోని పెద్దవాళ్లంతా నా దరువు వెంట వచ్చారు. అమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి, రెండు అరచేతులూ లారీ పలకకు ఆనించి, ఆట అయ్యేదాకా అక్కడే నిలబడింది. ఆ రోజు ఆమె ముఖం చూసి నేను పడిన గర్వం మళ్లీ ఎప్పుడూ పడలేదు.

కాక ఇప్పుడు లేడు. ఆయన డప్పు నా దగ్గరుంది, బృందాన్ని నేనే నడుపుతున్నాను. నాకు చెవులు వినిపించవని తెలిసి ఇప్పటికీ ముందు వరుసలో ఎవరో ఒకరు నవ్వుతారు. నేను చెప్పులు విడిచి లారీ ఎక్కుతాను. వాళ్ల నవ్వు నాకు వినపడదు. నా డప్పు వాళ్లకు వినపడుతుంది.