సూది విరిగింది

మా బావ ఒక్క పని కూడా చెప్పిన రోజుకి చేసి ఎరుగడు. ఆఖరికి తన పెళ్ళికి కూడా ముప్పావుగంట ఆలస్యంగా వచ్చాడు. ఇదేమిటయ్యా అని మా నాన్న నిలదీస్తే, "సూది విరిగిందండీ" అన్నాడు. పెళ్ళికీ సూదికీ ఏమిటి సంబంధమో ఆయనా చెప్పలేదు, మేమూ తేల్చుకోలేకపోయాం. మా అక్క అప్పుడే ఆలోచించుకోవాల్సింది. దానికి ఆ మాట తెగ నచ్చిందట.

బావ పడవల తెరచాపలు కుట్టే దర్జీ. బీచ్ రోడ్డులో తాళ్ళ కొట్టు మీద మేడగది ఆయనది. గది నిండా తెల్లటి గుడ్డ పరుచుకుని ఉంటుంది. మధ్యలో బావ బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు. తెరచాప సూదిని వేళ్ళతో నెట్టడం ఎవరి తరమూ కాదు, అరచేత్తో నెట్టాలి. అందుకని కుడిచేతికి తోలుపట్టీ కట్టుకుంటాడు. కిటికీ ఎదురుగా అంత సముద్రం ఉన్నా దానివైపు కన్నెత్తి చూడడు. పొద్దున్నే గదిలోకి రాగానే గుడ్డ అంచుని రెండు వేళ్ళ మధ్య నలిపి "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" ఏమిటో ఎవరికీ తెలీదు. టీ అడుగుతున్నాడనుకుని అక్క పంపించేది. ఆయన తాగేసేవాడు.

ఊళ్ళో ఆయన్ని అందరూ "రేపుగారు" అంటారు. రిటైరైన కెప్టెన్‌గారు ఒకాయన ఉన్నారు, మీసాలే గానీ ఓపిక లేని మనిషి. ఆయన మేడమెట్లు ఎక్కిన ప్రతిసారీ ఇదే భాగోతం.

"దర్జీగారూ, నా తెరచాప?"

"రేపు రండి."

"నిన్న కూడా రేపే అన్నారు!"

"అన్నాను. మాట మార్చానా? ఇవాళ కూడా రేపే అంటున్నాను."

సూది విరగనప్పుడు మైనం అయిపోయేది. మైనం ఉన్నప్పుడు దారం చిక్కుపడేది. ఒకసారి ఏకంగా పిల్లి తెరచాప మీద ఎక్కి పడుకుందనీ, అది పిల్లల్ని పెట్టేదాకా కదపకూడదనీ అన్నాడు. కెప్టెన్‌గారు వదల్లేదు. చూపించమన్నారు. బావ చూపించాడు.

"ఇది మగపిల్లి కదండీ!"

"అందుకే ఆలస్యం అవుతోంది" అన్నాడు బావ.

మరి ఇంకో దర్జీ దగ్గరికి పోవచ్చు కదా అంటారేమో. పోరు. ఎందుకంటే గుడ్డ చిరిగినా మా బావ కుట్టు ఊడదు. పైగా ఒక్కోసారి అడక్కుండానే, ఇస్తానన్న రోజుకి రెండు రోజుల ముందే తెరచాప భుజాన వేసుకుని ఇంటికి తెచ్చి, "ఇవాళే పడవ తియ్యండి, బాగుంటుంది" అని ఇచ్చిపోతాడు. ఆయన తిక్కకి లెక్క లేదని మేమంతా తీర్మానించుకున్నాం.

ఇక నా సంగతి. నేను తపాలాఫీసులో పనిచేస్తాను. పొద్దస్తమానం కవర్ల మీద తేదీ ముద్ర కొట్టడమే నా ఉద్యోగం. తేదీ అంటే ప్రాణం పెట్టే మరదలికి తేదీ అంటే గిట్టని బావ దొరికాడు. ఆదివారం వస్తే మాత్రం నాకు ముద్రా లేదు, తేదీ లేదు. నా చిన్న పడవ ఉంది. గాలి తెరచాపలో నిండగానే పడవ ఒక పక్కకి ఒరుగుతుంది, నేను రెండో పక్కకి వేలాడతాను, వీపుకి నీళ్ళు తగులుతుంటాయి. ఆ కాసేపట్లో నేను నవ్వినట్టు ఒడ్డున ఎప్పుడూ నవ్వలేదు. కాకపోతే నాకొక జబ్బుంది. వెనక్కి తిరగమంటే తిరగను. అందరూ భయపడి తిరిగొచ్చిన రోజు ఇంకో నాలుగు అలలు దాటి మరీ వస్తాను.

మా బీచ్‌లో ఏటా ఒక పందెం ఉంటుంది. ఒడ్డు నుంచి లైట్‌హౌస్ రాయి దాకా వెళ్ళి, చుట్టి రావాలి. పోయినేడు పళ్ళ డాక్టరుగారు నన్ను ఒక్క పడవ పొడవుతో ఓడించారు. ఏడాదంతా నా పన్ను చూసినప్పుడల్లా నవ్వారు. నోరు తెరుచుకుని ఉన్న మనిషి తిరిగి ఏమంటుంది? ఈసారి ఎలాగైనా ఆ నవ్వు మాన్పించాలని ఒట్టు పెట్టుకున్నాను. తెరచాపలో జానెడు చిరుగు పడితే నెల ముందే బావకిచ్చాను. శనివారం దాకా నన్ను తిప్పుతూనే ఉన్నాడు.

"బావా, రేపు పందెం."

"రేపు రా."

"రేపే పందెం అంటున్నా!"

"నేనూ రేపే రమ్మంటున్నా."

"ఎన్నింటికి?"

"సాయంత్రం."

"పందెం పొద్దున తొమ్మిదింటికి బావా!"

"ఏం చెయ్యనే? సూది విరిగింది."

"అక్కా, చూడవే మీ ఆయన్ని!"

"సూది విరిగితే ఆయన మాత్రం ఏం చేస్తారే?" అంది అక్క, నా మొహం చూడకుండా బట్టలు మడతపెడుతూ. పిల్లికి ఎలుక సాక్ష్యం.

ఆదివారం పొద్దున్నే మేడగదికి వెళ్ళాను. బావ లేడు. గదికి తాళం వేసే అలవాటు ఆయనకి లేదు. అటక మీద నా తెరచాప చుట్టి ఉంది. అంచు లాగి చూశాను. చిరుగుకి మాసిక శుభ్రంగా పడింది. పని పూర్తవగానే మాసిక మూల పెన్సిలుతో తేదీ వెయ్యడం బావ అలవాటు. తేదీలు చూడ్డం నా వృత్తి కదా, చూశాను. మూడు వారాల కిందటిది!

నాకు ఒళ్ళు మండిపోయింది. మొన్ననే బావ పళ్ళ డాక్టరుగారి దగ్గర రెండు పళ్ళు కట్టించుకున్న సంగతి గుర్తొచ్చింది. ఓహో, ఇదా కథ అనుకున్నాను. తెరచాప భుజాన వేసుకుని పరుగెత్తాను.

బీచ్‌లో ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. తొమ్మిది పడవలు వరసగా ఉన్నాయి. ఈల వేసే పెద్దమనిషి గడియారం చూసుకుంటున్నారు. నేను హడావుడిగా తెరచాప కట్టి తాడు లాగాను. పైకి వెళ్ళింది గానీ విచ్చుకోలేదు. మళ్ళీ లాగాను. చుట్టిన చాపలా నిటారుగా నిలబడింది. తీరా చూస్తే, పై నుంచి కింది దాకా రెండు అంచులూ కలిపి టాకాలు వేసి ఉన్నాయి! జానెడుకొకటి, మొత్తం ఇరవై.

"అది తెరచాపా, గొడుగా?" అన్నారు పళ్ళ డాక్టరుగారు, తన పడవలోంచి. బీచ్ బీచంతా నవ్వింది. ఈల మోగింది. ఎనిమిది పడవలు వెళ్ళిపోయాయి. నేను ఇసుకలో కూర్చుని పళ్ళతో టాకాలు కొరకడం మొదలుపెట్టాను. బావ కుట్టు ఊడదని ఊరంతా మెచ్చుకునేది. ఆ రోజు ఆ మెప్పు నాకు బొత్తిగా నచ్చలేదు.

పదకొండో టాకా కొరుకుతుండగా చల్లగాలి మెడకి తగిలింది. తలెత్తేసరికి దక్షిణాన సముద్రం నల్లబడి ఉంది. అయిదు నిమిషాల్లో ఇసుక లేచి కళ్ళలో పడింది, అలలు మెట్లెక్కినట్టు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. వెళ్ళిన పడవల్లో ఆరు ఎలాగో తిరిగొచ్చాయి. రెండు లైట్‌హౌస్ రాయి దగ్గర బోల్తాపడ్డాయి. నేను వెళ్ళుంటే అందరికంటే ముందు, ఆ రాయికి అవతల ఉండేదాన్ని. ఆ మాట నాకు నేను చెప్పుకుని, పడవని ఇంకా పైకి, పొడి ఇసుకలోకి లాక్కున్నాను.

అప్పుడు చూశాను బావని. గజ ఈతగాళ్ళ మోటారు పడవ ముందు భాగాన, తాళ్ళచుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరూ పిలవకముందే, తెల్లవారినప్పట్నుంచీ అక్కడే ఉన్నాడట. పడవ అలల్లోకి దూసుకుపోయింది. అరగంటకి బోల్తాపడ్డ రెండు పడవల్లోని నలుగురినీ ఎక్కించుకుని తిరిగొచ్చింది. అందులో పళ్ళ డాక్టరుగారు కూడా ఉన్నారు. ఆయన పళ్ళు టకటకా కొట్టుకోవడం ఒడ్డుకి వినిపించింది. నాకు నవ్వు రాలేదు. నిజం చెప్పాలంటే, కొంచెం వచ్చింది.

బావ తడిసి ముద్దై నా పక్కన కూలబడ్డాడు.

"గాలొస్తుందని నీకు ముందే తెలుసా?"

"గాలి చెడేముందు గుడ్డ మెత్తబడుతుందే. సూది సాగదు, పట్టేసుకుంటుంది. పొద్దున్నే వచ్చి ఆ ఈలాయనకి చెప్పాను. ఆకాశం చూపించి నవ్వాడు."

"నాకు చెప్పొచ్చుగా?"

"చెబితే ఆగేదానివా?"

నేను తెరచాపకి అంటిన ఇసుక దులిపాను.

"గాలొస్తుందంటే ఇంకా హుషారుగా పోతావు. సూది విరిగిందంటే తిట్టుకుంటావు గానీ ఆగుతావు. కెప్టెన్‌గారూ అంతే, అందరూ అంతే."

"మరి మూడు వారాల నుంచీ?"

"ముందే ఇచ్చేస్తే ఇవాళ ఏ సాకు చెప్పను?" అన్నాడు. గొంతు తగ్గించాడు. "ఒకే ఒక్కసారి చెప్పిన రోజుకి ఇచ్చానే, మా పెళ్ళికి ముందు. గుడ్డ మెత్తగా ఉందని తెలిసీ, మాటిచ్చాను కదాని ఇచ్చాను. ఆ కుర్రాడు మూడో రోజుకి దొరికాడు. బతికే దొరికాడులే. కానీ ఆ మూడు రోజులూ వాళ్ళమ్మ నా మేడమెట్ల మీదే కూర్చుంది. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. అప్పట్నుంచీ తిట్లే నయం అనిపించింది."

చేతిలో ఉన్న దారప్పోగులు దాచుకున్నాను. "ఇంకా తొమ్మిది టాకాలున్నాయి. నువ్వే విప్పు" అన్నాను.

"రేపు రా" అన్నాడు.

ఈ సూది రహస్యం నా నోట్లో ఆగలేదు, ఊరంతా పాకింది. అప్పట్నుంచీ కెప్టెన్‌గారు మేడమెట్లు ఎక్కడం మానేశారు. పొద్దున్నే కిటికీ కింద నిలబడి, "దర్జీగారూ, సూది ఎలా ఉంది?" అని కేకేస్తారు. "బాగుంది" అంటే పడవలు కదులుతాయి. "విరిగింది" అంటే ఒడ్డుకెక్కుతాయి.

పోయిన నెల ఒకరోజు, పిల్లగాలి, ఎండ, సముద్రం పెరట్లో గోలెంలా ఉంది. మందపాటి అతుకు దగ్గర బావ సూది నిజంగానే విరిగింది. సరిగ్గా అప్పుడే కింద నుంచి కేక వినిపించింది. ఆయన అలవాటుగా ఉన్నమాట చెప్పేశాడు. పావుగంటలో ఎర్రజెండా లేచింది, పడవలు ఇసుక మీదికి వచ్చేశాయి, పళ్ళ డాక్టరుగారు కిటికీలు బిగించుకున్నారు. బావ కంగారుగా రెండు ముక్కలూ చేత్తో పట్టుకుని బీచ్‌కి పరుగెత్తాడు.

"ఇదిగో, నిజంగానే విరిగిందండీ! గాలేం రాదు, మీరు పొండి!"

కెప్టెన్‌గారు ముక్కలు రెండూ అటూ ఇటూ తిప్పి చూసి, మీసం నిమురుకున్నారు.

"ఉత్తి మాటకే అంత గాలొచ్చింది. నిజంగా విరిగిందంటే ఇంకేమన్నా ఉందా? పదండి పదండి, అందరూ ఇళ్ళకి!"