ఒక్క బిల్లూ తిరిగిరాని లొరెట్టా

యంగ్స్‌టౌన్‌లో మా మందుల సామాన్ల కొట్టు వెనక గదికి మహారాణి లొరెట్టా పైఫర్. ఆవిడ పని బిల్లులకి కోడ్లు వెయ్యడం. షుగరున్నవాళ్ళు నడుముకి తగిలించుకునే ఇన్సులిన్ పంపుకి గొట్టాలూ సూదులూ మేం పంపుతాం. ఒక్కోదానికి ఒక్కో కోడు. కోడు కుదిరితే బీమా కంపెనీ డబ్బిస్తుంది, లేకపోతే బిల్లు తిప్పికొడుతుంది. లొరెట్టా బిల్లు ఏనాడూ వెనక్కి రాలేదు. అందుకని ప్రతి నెలాఖరుకీ మేనేజరు ఆవిడ బల్ల మీద డోనట్ల పెట్టె పెట్టేవాడు. షుగరు రోగుల పుణ్యమా అని మేమందరం చప్పట్లు కొట్టి, వేళ్ళకంటిన పంచదార నాక్కునేవాళ్ళం.

ఆవిడకి మనుషులు పేర్లతో గుర్తుండరు. మా దగ్గర సామాను తీసుకునే ముసలాయన పోయాడని తెలిస్తే, "అయ్యో, ఎంత శుభ్రమైన బిల్లండీ ఆయనది!" అని నిజంగానే నొచ్చుకుంది. మొగుడు చెస్టర్ నడుంనొప్పని మూలిగితే ఎడమవైపో కుడివైపో, ఏ కోడు కిందికొస్తుందో తేల్చుకున్నాకే జాలిపడేదట.

ఇళ్ళ పైకప్పులు వేసే డెల్మార్ ఓట్స్ ఈవిడ పాలిట పడ్డాడు. పంపు నుంచి మందు ఒంట్లోకి వెళ్ళడానికి చర్మం కింద మెత్తటి గొట్టం ఉంటుంది. పనిముట్ల బెల్టు ఒత్తుకుని డెల్మార్ గొట్టం మాటిమాటికీ వంగిపోయేది, మందు లోపలికి పోయేది కాదు. గొట్టానికి బదులు వంగని ఉక్కు సూది రాశాడు డాక్టరు. దాని కోడు వేరు. మధ్యలో రకం మారిస్తే బీమావాళ్ళు ఒకసారి బిల్లు తిప్పికొట్టి, డాక్టరు దగ్గర ఉత్తరం తెప్పించుకుని, అప్పుడు ఒప్పుకుంటారు. ఈ తంతు మా వృత్తిలో అందరికీ తెలుసు. కానీ లొరెట్టాకి ఒక్కసారి తిరిగొచ్చినా తిరిగొచ్చినట్టే. అందుకని సూదులు మానేసి మళ్ళీ మెత్తటి గొట్టాలే పంపింది.

డెల్మార్ పెట్టె చంకనపెట్టుకుని మా కొట్టుకి వచ్చాడు.

"ఇవి నాకు పనికిరావని డాక్టరు రాశాడు కదమ్మా."

"బీమావాళ్ళు ఒప్పుకున్నారు బాబూ. ఒప్పుకున్నదాన్ని కాదనుకుంటారా ఎవరైనా?"

"ఒప్పుకుంది వాళ్ళు. వంగేది నా పొట్టలో."

ఆవిడ చిరునవ్వు నవ్వి, వచ్చే నెల చూద్దామంది. సూదులు పంపమని పక్క బల్ల దగ్గరున్న నేనూ అడిగాను. నెలాఖరు దగ్గర పడుతోంది, ఇప్పుడెందుకు గొడవ అని నా నోరు మూయించింది.

ఆ వారంలోనే డెల్మార్ ఎండలో కప్పు మీదుండగా గొట్టం వంగింది. చెమటలో ఆ సంగతి తెలియలేదు. మధ్యాహ్నానికి షుగరు పెరిగిపోయి, వాంతులు పట్టుకుని, నిచ్చెన దిగుతూ దిగుతూ డెల్మార్ కింద పడ్డాడు. ఆసుపత్రి నుంచి ఆయన భార్య ఫోను చేసింది. లొరెట్టా శ్రద్ధగా విని, వెంటనే తర్వాతి పెట్టె ఆపించింది. ఆసుపత్రిలో ఉన్నవాడికి సామాను పంపితే బిల్లు తిరిగొస్తుంది మరి. "మంచిపని చేశావమ్మా, ముందే చెప్పావు," అంది డెల్మార్ భార్యతో. నాకు ఒళ్ళు మండిపోయింది.

డెల్మార్ ఇల్లు చేరిన రోజు, లొరెట్టా భోజనానికి వెళ్ళగానే నేనే ఉక్కు సూది కోడు వేసి బిల్లు పంపాను. అనుకున్నట్టే తిరిగొచ్చింది. డాక్టరు ఉత్తరం జతచేసి మళ్ళీ పంపితే మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. సూదులందాయి. డెల్మార్ మళ్ళీ కప్పులెక్కుతున్నాడు.

లొరెట్టా మాత్రం ఆ తిరిగొచ్చిన బిల్లు చూసి బల్ల మీద తలపెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. మేనేజరు సెలవిచ్చి ఇంటికి పంపాడు. ఆఫీసంతా చందాలేసుకుని ఆవిడకి పూలు పంపారు, ధైర్యంగా ఉండమని రాసిన కార్డు మీద సంతకాలు పెట్టి. డెల్మార్ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ మాలో ఒక్కరికీ పూలకొట్టు గుర్తురాలేదు.